పాత చక్రాలు బిగించే ముందు ఒక్కమాట

మక్కలు మార్కెట్‌కు కదిలే రోజుల్లో, పత్తి తీసేటప్పుడు, మిర్చి ఏరేటప్పుడు మన కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు పికప్ బండ్లకు తీరిక ఉండదు. పొద్దున కూలీలను దింపాలి, మధ్యాహ్నం ఎరువుల బస్తాలు తేవాలి, రాత్రికి నర్సంపేటకో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో లోడు వేసుకుని పోవాలి. పాకాల అడవి దారిలో ఒక గుంత చాలు, రిమ్ము వంకర పోవడానికి. కొత్తది కొనాలంటే పైసలు చూసుకోవాలి. అప్పుడు గుర్తొచ్చేది పాత ఇనుప సామాను దుకాణం. ఎప్పటిదో జీపు రిమ్ము దొరుకుతుంది. "పాత ఇనుము సార్, ఇప్పటి రేకులాంటిది కాదు" అంటాడు దుకాణదారు. తుప్పు గీకి, రంగు వేసి, బిగించేస్తాం.

పాత చక్రం వాడటం తప్పని నేననను. మరమ్మతు చేసుకుని వాడుకోవడం మన రైతులకు కొత్త కాదు. బండి గిర్రకు పట్టా వదులైతే కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, ఎక్కించి, నీళ్లు పోసేవాడు. చల్లారిన ఇనుము ముడుచుకుని కట్టెను పట్టేసేది. మేడారం జాతరకు బండి కట్టే ముందు ఇరుసు, సీల, ఆకులు అన్నీ చేత్తో తడిమి చూసేవారు. ఆ చూపు ఇప్పుడు తగ్గిందన్నదే నా బాధ. ఎడ్లబండి నడకకు అంత జాగ్రత్త ఉంటే, గంటకు అరవై కిలోమీటర్ల మీద పోయే పికప్‌కు ఎంత ఉండాలి?

ముందు ఆ రిమ్ము పుట్టుక తెలుసుకోండి. మహీంద్రా కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. అదే రకం సైనిక జీపును పావు టన్ను బండిగా లెక్కగట్టారు. అంటే దాని చక్రాలు ఆ బరువుకు తగ్గట్టు చేసినవి. మన పికప్ టన్ను దాటి మోస్తుంది. ఇనుము మందంగా కనిపించినంత మాత్రాన ఆ బరువుకు ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

లెక్క సులువే. లోడుతో వెనక ఇరుసు మీద 1,800 కిలోలు పడితే ఒక్కో చక్రం 900 కిలోలు మోయాలి. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె చూడండి. 100 అని ఉంటే 800 కిలోలు, 104 అని ఉంటే 900 కిలోలు మోస్తుంది. రిమ్ము మోసే బరువు కూడా అంతకు తగ్గకూడదు. ఎంత మోస్తుందో తేలని రిమ్మును లోడు బండికి పెట్టొద్దు. టైరు వయసూ చూడండి. చివరి నాలుగు అంకెలు 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా పక్కగోడ పగుళ్లిచ్చిన టైరు పనికిరాదు.

బరువుకు సరిపోతుందని తేలాకే మరమ్మతు. టైరు విప్పించి, తుప్పు మొత్తం తీగ బ్రష్‌తో గీకించండి. లోపలివైపు కిరోసిన్ పూసి, బయట సున్నం పట్టించి కాసేపు వదలండి. పగులుంటే సున్నం మీద తడి గీత తేలుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడాలి. రంధ్రం కోలగా సాగినా, పగులు కనిపించినా ఆ రిమ్ము మళ్లీ పాత ఇనుముకే. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు. వేడికి చుట్టుపక్కల ఇనుము గుణం మారిపోతుంది. టైరు ఉండగా వెల్డింగ్ పెడితే, గాలి తీసేసినా సరే, లోపల వాయువులు పుట్టి పేలే ప్రమాదముంది.

ఐదు బోల్టులున్నాయి కదా అని సరిపోదు. ఒక రంధ్రం మధ్య నుంచి, పక్కది వదిలేసి, దాని తర్వాతి రంధ్రం మధ్యకు కొలవండి. దాన్ని 1.051తో గుణిస్తే బోల్టుల వలయం కొలత వస్తుంది. పాత జీపుకు అది 139.7 మిల్లీమీటర్లు. మీ బండిది ఒక్క రవ్వ తేడా ఉన్నా సుత్తితో కొట్టి ఎక్కించొద్దు. నట్లు కూర్చునే చోట, హబ్బుకు ఆనే చోట రంగు దట్టంగా వేయించకండి. బండి నడిచే కొద్దీ ఆ రంగు నలిగి నట్లు వదులవుతాయి. నట్లను ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి. చాలా పాత రిమ్ములకు ట్యూబ్‌లెస్ టైరును పట్టి ఉంచే ఎత్తు అంచు ఉండదు. వాటికి ట్యూబు టైరే వేయాలి.

రింగు రిమ్ముల సంగతి ఇంకా ప్రమాదం. ట్రాక్టర్ ట్రాలీలకు వేసే పాత లారీ చక్రాల్లో లాక్ రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగు సరిగా కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు గుండులా ఎగురుతుంది. అమెరికాలో 1980లోనే ఇలాంటి చక్రాలకు గాలి కొట్టేటప్పుడు ఇనుప బోను వాడాలని నియమం పెట్టారు. మన పంక్చర్ షాపు కుర్రవాడు మోకాలు ఆనించి కొడుతుంటాడు. వాడూ ఎవరో ఒకరి ఇంటి బిడ్డే కదా!

చట్టం మాటా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సైజు మార్చిన చక్రంతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు రైతే జవాబు చెప్పుకోవాలి. పైగా సరుకు బండిలో కూలీలను ఎక్కించడమే చట్ట విరుద్ధం. అయినా ఎక్కిస్తున్నాం. చక్రం ఊడితే మక్కల బస్తాలు మళ్లీ ఎత్తుకోవచ్చు, మనుషుల్ని ఎత్తుకోలేం.

ఇది రైతు ఒక్కడి భారం కాకూడదు. ఏటూరునాగారం ఐటీడీఏ, రవాణా శాఖ, ఐటీఐలు కలిసి పంట పనులు మొదలయ్యే ముందు మండల కేంద్రాల్లో ఒక్కో రోజు చక్రాల తనిఖీ పెట్టాలి. మెకానిక్ పని చేసుకునే గిరిజన యువకులకు ఒక టార్క్ రెంచీ, ఒక గాలి బోను ఇప్పించి, వాడటం నేర్పాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

అప్పటిదాకా మీరు చేయగలిగిందొకటుంది. ఈసారి లోడు కట్టే ముందు జాకీ పెట్టి నాలుగు చక్రాలూ తిప్పి చూడండి, నట్లు తడమండి. ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా ఆ పూట బండి ఆపండి. ఒక్క పూట ఆలస్యమైతే మార్కెట్ ఎక్కడికీ పోదు.