మీటరు లేని ఇంట్లో కూత

మీ ఇంట్లో టీవీకి మీటరుందా? కరెంటుది కాదండీ, మీరేం చూస్తున్నారో లెక్కగట్టేది. మా హన్మకొండ వీధిలో నేనడిగిన వాళ్లెవరింట్లోనూ లేదు. ఉన్నా చెప్పరు లెండి, ఆ ఇళ్ల చిరునామాలు రహస్యం. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు ఇరవై కోట్లు దాటితే, మీటర్లున్నవి 55 వేల పైచిలుకే. ఛానల్ శబ్దంలో మన చెవికి అందని గుర్తొకటి కలిపి పంపుతారు. మీటరు దాన్ని పట్టుకుంటుంది. చూస్తున్నది నాన్నో నానమ్మో ఇంట్లోవాళ్లే మీట నొక్కి చెప్పాలి. ప్రకటనల డబ్బు ఎటు పోవాలో తేల్చేవి ఆ మీటలే!

ఈ సంగతి ఎత్తింది కబడ్డీ కోసం. 2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు, మట్టిలో ఆడే చెడుగుడును టీవీలో ఎవరు చూస్తారన్నవాళ్లే ఎక్కువ. తీరా సీజన్ ముగిశాక ప్రకటించిన లెక్క 43.5 కోట్ల మంది. ఐపీఎల్ తర్వాత స్థానం!

టీవీలో ఆట నిలవాలంటే కంటికి అందాలి. అమెరికాలో ఐస్ హాకీకి అదే తంటా. బంతికి బదులు వాళ్లు వాడే నల్ల రబ్బరు బిళ్ల మంచు మీద ఎటు దూసుకుపోయిందో తెరపై కనిపించి చావదు. 1996లో ఫాక్స్ టీవీ వాళ్లు బిళ్ల లోపల పరికరాలు పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలి వెలుగు, జోరుగా కొడితే వెనక ఎర్ర తోక కనిపించేలా చేశారు. ఇది హాకీయా, వీడియో గేమా అని పాత అభిమానులు మండిపడ్డారు. 1998తో ఆ ముచ్చట ముగిసింది.

కబడ్డీకి ఆ అవస్థ లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కోర్టంతా ఒక్క చూపులో పడుతుంది. టీవీ కోసం మార్చింది కాలాన్ని. కూతకు 30 సెకన్లే. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేదంటే అవుట్. ఛానల్ తిప్పే సందు లేదు.

మా మేనమామది పరకాల దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు మంచి కూతగాడు. తెలుగు టైటాన్స్ ఆట ఉంటే తొందరగా బువ్వ తిని కూర్చుంటాడు. ఆయనలాంటి వాళ్లు ఎన్నాళ్లుగానో టీవీ చూస్తున్నా, దేశమంతటా పల్లెల లెక్క రేటింగుల్లో చేరింది 2015 అక్టోబరులోనే. అంతకుముందు ఆ లెక్కల్లో పల్లె లేనట్టే. ఆ మాట చెబితే మామ నవ్వాడు. "మేం చూసుడు లెక్కల లేకుంటె, మాకు సబ్బులెట్ల అమ్మిండ్రురా?"

స్టార్ స్పోర్ట్స్ 2018 డిసెంబరులో తెలుగు ఛానల్ తెచ్చాక వ్యాఖ్యానం మన భాషలోనే జోరుగా సాగుతోంది. మామకు మాత్రం అదే నచ్చదు.

"దమ్ము బిగబట్టి కూత పెట్టాలె. వీళ్లు గడియారం జూసి ఆడుతరు. సరే పోనీ అనుకుంటె, ఆ మాట్లాడేటోళ్లు కూతే ఇననియ్యరు. గా మీటరోళ్లు అగుపడితె జెర చెప్పు."

ఎక్కడని వెతకను? చిరునామాలే రహస్యమాయె!