అయ్యగారికొక మాట, కామ్రేడ్ అన్నకొక మాట

పామిడి చుట్టుపక్కల మా మాదిగ పేటల్లో ఆదివారం చర్చికి పోయినోళ్ళే సోమవారం చెనిక్కాయ చేలల్లో కూలికి పోతారు. మనిషి ఒక్కడే. అయినా ఎర్రజెండా పడితే విశ్వాసం పోతుందంటాడు పాస్టరు అయ్యగారు. దేవుణ్ణి విడిస్తేగానీ వర్గపోరాటం తలకెక్కదంటాడు కామ్రేడ్ అన్న.

అయ్యగారూ, అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తియ్యండి. పొలాలు, ఇండ్లు అమ్మి, అక్కర కొద్దీ అందరికీ పంచారని లేదా? యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో, కోత కోసినోళ్ళ కూలి ఎగ్గొట్టిన ధనవంతులకు శిక్ష లేదా? దశమభాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో! దీని మీద ఒక్కటీ వినలేదు.

అన్నా, మీకూ ఉంది. 1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపితే, మిగిలినోళ్ళు చీరాలకు పరుగెత్తి తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే. దళిత మహాసభ లేచింది ఆ పోరాటంలోంచే. ప్రార్థన చేసేటోళ్ళు పోరాడలేదా?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ జాబితాలోంచి తోసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. మనకు మాత్రం బీసీ-సీ, ఒక్క శాతం. అందుకే మనోడు కాగితంలో హిందువు, మోకాళ్ళ మీద క్రైస్తవుడు. ఈ దొంగబతుకు మీద పార్టీ ఎన్ని ధర్నాలు చేసింది?

ఈసారి చెనిక్కాయ పీకే ముందు కూలిరేట్ల మీటింగు చర్చి అరుగు మీదనే పెడుతున్నాం. అయ్యగారు ప్రార్థన చెయ్యొచ్చు. అన్న మాట్లాడొచ్చు. రేటు మాత్రం కూలోళ్ళే తేలుస్తారు.