రీడ్ ఓన్లీ అంటే చేతిలో పెన్ను లేదని కాదు

"రీడ్ ఓన్లీనే కదన్నా, ఏమయితాది?"

సంక్రాంతికి ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు మా తమ్ముడు అడిగిన ప్రశ్న. కాలేజీ ల్యాబులో ఒకే మెషీన్ మీద నాలుగు వర్చువల్ మెషీన్లు పెట్టాడు. తెలుగు వికీపీడియా ఆఫ్‌లైన్ కాపీ, పాఠాల వీడియోలు, సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు... అన్నీ హోస్టులో ఒకే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో ఉన్నాయి. నాలుగు కాపీలెందుకని ఆ పార్టిషన్‌నే నాలుగింటికీ తగిలించి, లోపల రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాడు. హోస్టు మాత్రం అందులో రాస్తూనే ఉంది. క్యూఈఎంయూ మొదట్లో "రైట్ లాక్ దొరకలేదు" అని మొరాయించిందట. షేరబుల్ అని పెడితే నోరు మూసుకుందట. రెండు వారాలకి ఫైల్ సిస్టం చెడింది. బ్యాకప్ లేదు. రిపోర్టులు పోయాయి.

ఈ సలహా ఎవడిచ్చాడ్రా అంటే "నువ్వే కదన్నా, ఫోన్లో" అన్నాడు. నిజమే. మనవాళ్ళం చాలామందిమి ఇచ్చే సలహా ఇదే. అందుకే ఈ గొడవ.

బంగారం అంగడి చిట్టా ఊహించుకోండి. గుమాస్తా రాస్తున్నాడు. "ఊరికే చూసిస్తా" అని ఒకాయన తీసుకున్నాడు. చూసే ముందు, సగంలో ఉన్న పద్దులు కనిపిస్తే తన పెన్నుతో పూర్తి చేసేశాడు! ఈఎక్స్‌టీ4 చేసేది అచ్చం ఇదే. రీడ్ ఓన్లీ అని మౌంట్ చేసినా, జర్నల్‌లో మిగిలిన పని కనిపిస్తే ముందు దాన్ని డిస్కు మీద రాసేస్తుంది. రికవరీ కోసం రాస్తున్నానని కెర్నల్ లాగులో చెప్పి మరీ రాస్తుంది. చదివేదెవరండీ?

సరే, నోలోడ్ పెట్టి జర్నల్ ఆపారనుకుందాం. అయినా తప్పదు. గెస్టు ఒకసారి చదివింది క్యాషేలో దాచుకుంటుంది. కింద హోస్టు మార్చేస్తే దానికి కబురు చెప్పేవాడు లేడు. పాత పేజీ, కొత్త పేజీ కలిపి చదివి చెత్త చూపిస్తుంది. క్యూఈఎంయూ లాకు కూడా వర్చువల్ మెషీన్ల మధ్యే. హోస్టు మౌంట్ చేసుకున్న సంగతి దానికి తెలీదు.

నా వాదన ఒక్కటే. "చదవడం మాత్రమే" అన్న షరతు చదివేవాడి చేతిలో ఉండకూడదు, ఇచ్చేవాడి చేతిలో ఉండాలి.

డేటా మారుతుందా? వర్టియోఎఫ్ఎస్ వాడండి. 2019లో లినక్స్ 5.4తోనే వచ్చింది. లేదా ఎన్ఎఫ్ఎస్. ఫైల్ సిస్టంని హోస్టు ఒక్కటే చూసుకుంటుంది, గెస్టులు ఫైళ్ళు అడుగుతాయంతే. రీడ్ ఓన్లీ కట్టుబాటు కూడా హోస్టు వైపే పెట్టండి.

డేటా మారదా? స్క్వాష్ఎఫ్ఎస్ ఇమేజ్ చేసి, డిస్కుని హోస్టు వైపు నుంచే రీడ్ ఓన్లీగా ఇవ్వండి. అందులో రాసే దారే లేదు. కొత్త సరుకొస్తే కొత్త ఇమేజ్ చేసి మార్చండి.

"బ్లాక్ డివైస్ అయితే స్పీడు కదా" అంటారు. స్క్వాష్ఎఫ్ఎస్ ఇమేజ్ కూడా బ్లాక్ డివైసే స్వామీ! మారే డేటాకి కొంచెం స్పీడు తగ్గితే తగ్గనీండి. పోయిన రిపోర్టు ఏ స్పీడుతో చదువుతారు?

ఈసారి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, "ఏం కాదులే" అనే ముందు ఒక్క ప్రశ్న వేయండి: హోస్టు అందులో రాస్తోందా?

నేను ఆ రోజు అడగలేదు.