పట్నం బస్సెక్కాలంటే భయమా?

కేతేపల్లి మండలంలోని ఒక పల్లె అది. ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నారు. ఒక తల్లి లేచి నిలబడింది. వయసు అరవై దాటింది. గుండెకు వైద్యం జరుగుతోంది. హైదరాబాద్‌లోని గాంధీ ఆస్పత్రికి వెళ్లి మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ అప్పటికే రెండుసార్లు దాటిపోయింది. 'పైసల్లేక కాదయ్యగారూ, పట్నం బస్సెక్కాలంటే భయమైతది. ఏడ దిగాల్నో, మళ్ల ఏడ ఎక్కాల్నో తెల్వది. తప్పిపోతనేమోనని దడ పుడుతది' అన్నది. వెనక వరుసలో కూర్చున్న కుర్రాళ్లు ఇద్దరు ముసిముసిగా నవ్వారు. కాపరి ఆమె ప్రయాణ క్షేమం కోసం ప్రార్థించారు. అందరూ 'ఆమెన్' అన్నారు. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ వారం కూడా ఆ తల్లి ఆస్పత్రికి వెళ్లలేదు.

ఆ వెనక వరుస నవ్వులో మనకూ భాగముంది. ఊళ్లో పెద్దవాళ్లు పట్నం ప్రయాణానికి బెదిరితే అది మనకు తమాషా. కానీ ఆమెకు అది తమాషా కాదు. రెండు తేదీలు దాటిపోయాయంటే డాక్టరు చూడని రోజులు అన్ని గడిచాయని అర్థం. ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేది రోగం కాదు, ఆస్పత్రి దాకా వెళ్లలేకపోవడం.

నిజానికి ఆమె పిరికి మనిషి కాదు. ఏళ్ల తరబడి కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని నకిరేకల్, సూర్యాపేట తిరిగిన మనిషి. కేతేపల్లి నుంచి హైదరాబాద్ సుమారు 120 కిలోమీటర్లు. విజయవాడ జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. నకిరేకల్, కట్టంగూరు, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్ - ఈ పేర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. భయం ఎల్‌బీ నగర్ దాటాక మొదలవుతుంది. అక్కడిదాకా కిటికీలోంచి చూసి 'ఇది ఫలానా ఊరు' అని చెప్పగల మనిషికి, అక్కడినుంచి ఒక్క గుర్తు కూడా దొరకదు. బోర్డులు చదవడం రాదు. వచ్చినా బస్సు ఆగీ ఆగకముందే కదులుతుంది. అడుగుదామంటే ఎవరి తొందర వారిది. అడిగితే 'ఊరిదానిలా ఉంది' అనుకుంటారేమోనన్న బిడియం.

ఈ బిడియాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. చాలామందిని ఆపేది తప్పిపోతామన్న భయం కంటే నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయమే. కదిలే మెట్ల ముందు చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడిపోతే వెనకవాళ్లు విసుక్కుంటారు. మెట్రో గేటు దగ్గర టికెట్ ఎక్కడ ఆనించాలో తెలియక తడబడితే క్యూ ఆగిపోతుంది. కండక్టరు 'ఎక్కడికమ్మా?' అని గట్టిగా అడిగితే తెలిసిన పేరు కూడా నోట్లోంచి రాదు. చదువుకున్నవాళ్లకూ ఇది తప్పదు. మేము మొదటిసారి మెట్రో ఎక్కినప్పుడు అటు పోవాల్సింది ఇటు పోయే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. రైలెక్కి రెండు స్టేషన్లు పోయాక గానీ తెలియలేదు. దిగి, అక్కడి సిబ్బందిని అడిగి వెనక్కి వచ్చాం. ఆ రోజు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం.

ఇక మన సంఘాల్లో వినిపించే మరో మాట ఉంది. 'దేవుడు తోడుండగా భయమెందుకు? నీకు విశ్వాసం చాలదు' అంటాం. ఇది సొంత కారులో తిరిగేవాళ్లు బస్సెక్కేవాళ్లకు చెప్పే మాట. పౌలు ఎన్ని పట్టణాలు తిరిగాడో మనకు తెలుసు. అలాంటివాడే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో, తాను వారి దగ్గరికి బలహీనతతో, భయంతో, వణుకుతో వచ్చానని దాచుకోకుండా రాశాడు. కొరింథు అప్పట్లో పెద్ద రేవు పట్టణం, దేశదేశాల మనుషులు కలిసే చోటు. అక్కడ వణికినందుకు పౌలును అవిశ్వాసి అని ఎవరూ అనలేదు. ఆ తల్లిని మాత్రం ఎందుకనాలి?

అదే పౌలు రోము నగరానికి వెళ్లిన సంగతి అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో ఉంది. తోడు వెళ్లిన లూకా 'మేము' అంటూ రాసిన భాగమది. ఓడ పగిలి, మెలితే ద్వీపంలో చలికాలం గడిపి, పొతియొలీలో దిగి, అక్కడినుంచి నేలమీద రోముకు బయల్దేరారు. పౌలు అప్పటికే రోమా సంఘానికి పెద్ద ఉత్తరం రాసి ఉన్నాడు. ఆ నగరాన్ని చూడాలని ఎన్నాళ్లుగానో కోరుకున్నాడు. తీరా దగ్గరికి వచ్చేసరికి ఆయన ఖైదీ, కొత్తవాడు. ఈ మాట తెలిసి రోములోని సహోదరులు ఇళ్లలో కూర్చుని ప్రార్థించి ఊరుకోలేదు. కొందరు అప్పీయా సంతపేట దాకా, కొందరు త్రిసత్రముల దాకా ఎదురు వచ్చారు. సంతపేట రోముకు సుమారు 65 కిలోమీటర్లు, త్రిసత్రములు సుమారు 50 కిలోమీటర్లు. సత్రాలంటే దారిలో ప్రయాణికులు ఆగే చోట్లు, మన హైవే మీద బస్సులు ఆగే హోటళ్లలాంటివి. ఆ కాలంలో అంతదూరం రావడమంటే ఒకటి రెండు రోజుల పని మానుకోవడమే. వారిని చూసి పౌలు దేవునికి కృతజ్ఞత చెప్పి ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. ధైర్యం తెచ్చుకున్నాడంటే అప్పటిదాకా అది కొంత తగ్గి ఉందనే కదా! తుపానులో ఓడవాళ్లందరికీ ధైర్యం చెప్పిన మనిషికే నగరం పొలిమేరలో నాలుగు తెలిసిన ముఖాలు కావాల్సి వచ్చాయి.

కేతేపల్లి ప్రాంతం నుంచి పోయేవారికి ఎల్‌బీ నగరే త్రిసత్రము. మన పల్లెల బిడ్డలు హయత్‌నగర్‌లో, వనస్థలిపురంలో, దిల్‌సుఖ్‌నగర్‌లో గదులు తీసుకుని చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. క్రిస్మస్‌కు ఊరొచ్చి పాటలు పాడతారు, నాటకాలు వేస్తారు. సంతోషమే. కానీ ఊరినుంచి ఒక పెద్దమ్మ వస్తోందంటే ఒక్క పూట సెలవు పెట్టి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడేవాళ్లు ఎందరు? 'ఆటో మాట్లాడుకుని రా పెద్దమ్మా, లొకేషన్ పెడతా' అంటారు. ఆమె ఫోనులో లొకేషన్ రాదు. ఆటోవాడు అడిగినంత ఇచ్చి, ఇంటికొచ్చాక ఇక పట్నం వద్దనుకుంటుంది.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సే. మెట్రో రైలు వేరు, దానికి టికెట్ కొనాలి. ఈ పేర్ల తికమకతోనే కొందరు రైలు గేటు దగ్గర ఆధార్ కార్డు చూపించి, లోపలికి రానివ్వలేదని చిన్నబుచ్చుకుంటారు. ముందే చెప్పేవాళ్లుంటే ఆ చిన్నతనం ఉండదు.

దారి విషయానికొస్తే, ఆ తల్లి భయపడినంత చిక్కు అందులో లేదు. మెట్రో రైలు ఎల్‌బీ నగర్‌కు 2018 సెప్టెంబర్ 24న వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి జేబీఎస్ వైపు పోయే లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. కాబట్టి ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగితే ఎంజీబీఎస్‌లో ఒక్కసారి రైలు మారి గాంధీ ఆస్పత్రికి చేరవచ్చు. ఎల్‌బీ నగర్ ఆ లైనుకు చివరి స్టేషన్. అక్కడ బయల్దేరే రైళ్లన్నీ మియాపూర్ వైపే పోతాయి, తప్పు దిక్కుకు పోయే వీల్లేదు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటగానే ఏడో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడ స్టేషన్ బయటకు పోకుండానే రెండో లైనుకు మారాలి. అది కూడా ఆ లైనుకు మొదటి స్టేషనే గనుక రైళ్లన్నీ జేబీఎస్ వైపే పోతాయి. సుల్తాన్‌బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ముషీరాబాద్, ఆరోది గాంధీ హాస్పిటల్. స్టేషన్‌కు ఆస్పత్రి పేరే పెట్టారు. రాబోయే స్టేషన్ పేరు రైల్లో తెలుగులోనూ చెబుతారు. కదిలే మెట్లంటే భయమైతే లిఫ్టు ఉంది.

పోయేటప్పుడు కంటే వచ్చేటప్పుడే జాగ్రత్త కావాలి. గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో ఎంజీబీఎస్ వైపు ప్లాట్‌ఫారం ఏదో, ఎంజీబీఎస్‌లో ఎల్‌బీ నగర్ వైపు ఏదో అడిగి ఎక్కాలి. దిగాల్సిన చోట దిగకపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి సిబ్బందికి చెబితే ఎదురు వైపు చూపిస్తారు. టికెట్ కొన్నదానికంటే ఎక్కువ దూరం పోతే మిగతా డబ్బులు కట్టించుకుంటారు. అంతే, జైల్లో పెట్టరు! అన్నిటికంటే కష్టమైనది నిజానికి రైలు కాదు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు దాటడం. అక్కడ మాత్రం మనిషి తోడు కావాల్సిందే.

భయమంతా తీసిపారేయాల్సినదేమీ కాదు. కిక్కిరిసిన బస్సులో మెడలో గొలుసు కొంగు చాటున దాచుకునే జాగ్రత్త మంచిదే. డబ్బంతా ఒక్క సంచిలో పెట్టకూడదు. ఇద్దరి ఫోను నంబర్లు కాగితం మీద రాసి దగ్గరుంచుకోవాలి, ఫోను పోతే నంబర్లూ పోతాయి గనుక. పొద్దుగూకక ముందే ఊరి బస్సు ఎక్కాలి. పొద్దున ఆఫీసులకు పరుగెత్తే జనం రద్దీకి ముందే ఎల్‌బీ నగర్ చేరితే తోపులాట ఉండదు, ఓపీ చీటీ దగ్గర వరుసా చిన్నదిగా ఉంటుంది.

మరి ఆ తల్లి సంగతేమైంది? కాపరి భార్యకు ఆదివారం నాటి 'ఆమెన్' మనసులో ముల్లులా గుచ్చుకుందట. 'ప్రార్థన చేసి పంపిన మనమే బస్సెక్కించకపోతే ఎట్ల?' అని భర్తను అడిగిందట. ఆమె ఒక పని చేసింది. ఆస్పత్రి తేదీ లేని ఒక మామూలు రోజున, ఏ పనీ పెట్టుకోకుండా, ఆ తల్లిని వెంటబెట్టుకుని పట్నం పోయింది. ఇది మాకు చాలా నచ్చింది. పని ఉన్న రోజు ఆలస్యమవుతుందేమోనన్న ఆత్రం ఉంటుంది, ఆత్రంలో దారి మనసుకెక్కదు. పనిలేని రోజున తప్పిపోయినా నష్టం లేదు. ఆ రోజు ఇద్దరూ రైలెక్కి, దిగి, మళ్లీ ఎక్కి, ఆస్పత్రి గేటు చూసి, బయట చాయ్ తాగి తిరిగొచ్చారు. ఎంజీబీఎస్ దగ్గర కిందికి చూసి 'గిదేం వాగు?' అని అడిగిందట ఆ తల్లి. 'మన మూసీయే అమ్మా, మన సోలిపేట ప్రాజెక్టుకు వచ్చేది గీ నీళ్లే' అంటే నమ్మలేదట. మూసీ నది పట్నం మధ్యనుంచి పారి, మన మండలంలోని ప్రాజెక్టును నింపి, దిగువన కృష్ణలో కలుస్తుంది. కూరగాయలకు ఆ కాలువ నీళ్లే పారించిన మనిషికి పట్నంలో మొదటి గుర్తు దొరికింది.

రెండోసారి ఆస్పత్రి రోజు. కాపరి భార్య వెంట ఉన్నా దారి చెప్పలేదు. 'నువ్వే తీస్కపో అత్తమ్మా, నేను నీ ఎనక వస్త' అన్నది. రెండుచోట్ల ఆ తల్లి ఆగిపోయింది, పక్కవాళ్లను అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఒక కాలేజీ అమ్మాయి ప్లాట్‌ఫారం దాకా వచ్చి చూపించి పోయింది. చేయి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు మన సంఘాల్లో కొందరైనా దొరుకుతారు గానీ, ఇలా చేయి వదిలి వెనక నడిచే ఓపిక ఉన్నవాళ్లు అరుదు. మన యౌవనస్థుల కూటాల్లో ఒక్క శనివారం ఈ పనికి పెట్టుకుంటే ఎంత బాగుండును! ప్రతి సంఘంలో ఆస్పత్రి తేదీలు, పింఛను పనులు, పిల్లల కాలేజీ ప్రవేశాలు ఉన్నవాళ్లు ఉంటారు. ఫలానా రోజున ఎవరు పోతున్నారో ఆదివారం ప్రకటనల్లో చదివితే ఒకే బస్సులో నలుగురు కలిసి పోవచ్చు. ఖర్చు లేని పని, కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు.

మూడోసారి ఆమె ఒక్కతే పోయింది. ఉప్పల్ దగ్గర పనిచేసే చెల్లెలి కొడుక్కు ఈ సంగతి తెలిసి సిగ్గుపడ్డాడేమో, ఎల్‌బీ నగర్‌కు వచ్చి నిలబడ్డాడు. రోడ్డు దాటించి, రైలెక్కించి, 'నేను గూడ రానా పెద్దమ్మా?' అన్నాడు. 'వద్దు బిడ్డా, నీ డూటీకి పో' అన్నది. అయినా స్టేషన్ కిందే గంటసేపు నిలబడ్డాడట, ఆస్పత్రి చేరానని ఆమె ఫోను చేసేదాకా. వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలి. ఈసారి రానక్కర్లేదని ఆమె చెప్పింది. అతను వస్తానంటున్నాడు.