చెక్క కాని చెక్క



ఈమధ్య గుడుపల్లెలో ఓ క్రొత్త ఇంటి ప్రార్థన కూడికకు వెళ్లాము. ముందు గదిలో టేకు రంగు టీవీ బల్ల, గోడకు చెక్క గీతలు తేలిన పలకలు, వంటగదిలో నల్లగా మెరిసే అరలు. "అంతా టేకేనా అమ్మా? శానా పెట్టినట్టుందే!" అని ఓ పెద్దమ్మ అడిగింది. ఇంటావిడ ముఖం చిన్నబోయింది. "లేదు పెద్దమ్మా, పైన అంటించిందే" అంది మెల్లగా.

అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. టేకు కొనగలవాళ్లు మనలో ఎందరు?

మన వడ్రంగులు ఏ కంపెనీ రేకునైనా 'సన్‌మైకా' అనే అంటారు. అందులో మైకా, అంటే అభ్రకం, రవ్వంత కూడా ఉండదు. 1912లో అమెరికాలో ఫేబర్, ఓకానర్ అనే ఇద్దరు ఇంజనీర్లు విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులుగా ఒక పలకను కనిపెట్టి, ఆ అర్థం వచ్చేలా దానికి 'ఫార్మికా' అని పేరు పెట్టారు. అభ్రకం అనగానే మనకు గూడూరు గనులు గుర్తుకొస్తాయి. జిగురులో తడిపిన మందపాటి కాగితాలను పొరలుగా పేర్చి, పైన చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం ఉంచి, వేడితో గట్టిగా అదిమితే ఈ రేకు తయారవుతుంది. పలకను పరీక్షగా చూడండి, ఒకే కణుపు మళ్లీ మళ్లీ కనబడుతుంది.

పైన ఉన్నది కాగితమైనా ఫరవాలేదు. క్రింద ఏముందో చూడకపోతేనే చిక్కు. ఈ విషయంలో మేమే మోసపోయాము. మా ఇంటి అమ్మాయి పెళ్లికి ఒక అంగడిలో బీరువా కొన్నాము. చెక్కేనన్నారు, నమ్మాము. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగుభాగం నానిన రస్కులా ఉబ్బింది, తలుపు బందుల మరలు ఊడివచ్చాయి. లోపల ఉన్నది రంపపుపొట్టు, చెక్కముక్కలు జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. "మీవాళ్లు అట్టపెట్టె పంపినారే" అని అత్తగారు అన్నదట. పిల్ల ఆ మాట మాతో చెప్పడానికే ఏడాది పట్టింది.

కనుక కొనేముందు సొరుగు బయటికి లాగి దాని వెనుక అంచు చూడండి. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, పొట్టులా ఉంటే పార్టికల్ బోర్డు. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 303 అని ఉంటే గదుల్లో వాడుకోవచ్చు. నీళ్లు తగిలే వంటగది తొట్టి క్రిందికి 710 అడగండి. పార్టికల్ బోర్డు సామానే కొనగలిగితే కొనండి, కానీ నేలకు నాలుగు అంగుళాల ఎత్తున కాళ్లు పెట్టించి, అంచులన్నీ మూయించండి. ఇల్లు కడిగేటప్పుడు నీళ్లు చల్లకుండా తడిగుడ్డతో తుడవండి. పైన సన్‌మైకా ఉందని చెదలు ఆగవు, లోపలినుండి తినేస్తాయి. క్రొత్త సామాను ఘాటుగా వాసన వేస్తే అది జిగురులోని ఫార్మాల్డిహైడ్. కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచండి, పసిపిల్లల గదిలో మాత్రం పెట్టకండి.

ఒక్క మనవి. నకిలీ చెక్క కోసం అసలు చెక్కను పారేయకండి. తాతలనాటి పనసచెక్క పెట్టెలు, వేప తలుపులు పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తున్నారు.

గుడుపల్లె ఇంటావిడకూ ఈ మాటే చెప్పి వచ్చాము. మొన్న ఉత్తరం వ్రాసింది. అటక మీది పనసచెక్క పెట్టెను దింపించి, టీవీ బల్ల ప్రక్కనే వేసిందట. రంగులు కలవలేదట. పెద్దమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా దాని మీదే కూర్చుంటుందట.