కాంపౌండులో ఆమె

జపాన్‌లో సాకే అమ్మే కొట్టులోనే కూర్చుని తాగడంతో మొదలైంది ఇజకాయా. అక్కడి సందడిని 'సంస్కృతి' అంటాం. మా నల్లగొండ, పాలమూరు కల్లు కాంపౌండు దగ్గర మాత్రం ముక్కు మూసుకుంటాం. నేనూ మూసుకున్నాను. పొద్దంతా నాట్లేసి నడుం విరిగిన ఆడవాళ్లు గుడాలు, వేయించిన బోటి ముందేసుకుని, కల్లు తాగుతూ నవ్వుకుంటే మనకెందుకు ఇబ్బంది?

1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ పోరాటాన్ని రాశాం, రాయాల్సిందే. కానీ మద్యాన్ని ఎదిరించే స్త్రీకేనా మన సాహిత్యంలో చోటు? తాగే స్త్రీ దారితప్పినదేనా? కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లను నిలదీద్దాం. కల్తీలేని కల్లు ఆమె హక్కు అందాం. పని తర్వాత నలుగురిలో కూర్చుని తినే, తాగే, నవ్వే ఆ గంటసేపుని లాక్కునే హక్కు ఆమె మొగుడికీ లేదు, మనకూ లేదు.