ముఖం కాలితే ‘సారీ’ చాలదు

పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఒక అమ్మాయిని తల్లి నా దగ్గరకు తీసుకువచ్చింది. బ్యూటీ పార్లర్‌లో బ్లీచ్ వేశారట. మంటగా ఉందని మొత్తుకుంటే, “మంట పుడితేనే పనిచేస్తున్నట్టు” అన్నారట. రెండు చెంపలూ పొక్కులు లేచి, పై పెదవి మీద చర్మం ఊడివచ్చింది. పూతమందు రాశాను, ధైర్యం చెప్పి పంపాను. చీటీలో మాత్రం “కాలిన గాయం” అని రాసి ఊరుకున్నాను. దేనివల్ల, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయలేదు. మచ్చలు మిగిలాక ఆ తల్లి వెళ్ళి నిలదీస్తే, “వంటింట్లో కాలిందేమో, మాకేం తెలుసు” అన్నారు. నా చీటీ వారికే అక్కరకు వచ్చింది. కాబట్టి ఈ వ్యాసంలో నేను నిందించబోయేవారిలో నేనూ ఉన్నాను.

ఇటువంటి గాయం తగిలినవారిపై మన సమాజానికి జాలి లేదు. “సోకులకు పోతే అంతే” అంటారు. బస్సు బోల్తా పడితే “ప్రయాణాలకు పోతే అంతే” అని ఎవరూ అనరు. డబ్బు తీసుకుని చేసిన పనిలో అజాగ్రత్త వల్ల మనిషికి హాని జరిగింది. ఆ పని క్షవరమా, ప్రయాణమా, శస్త్రచికిత్సా అన్నది తరువాతి మాట.

హాని చిన్నదనీ అనుకోవద్దు. జుట్టు రంగులలో ఉండే పారా ఫినిలీన్ డైఅమిన్ పడనివారికి ముఖమంతా వాచి కళ్ళు మూసుకుపోతాయి. ముందుగా చర్మంపై కొద్దిగా రాసి 48 గంటలు ఆగి చూడమని రంగు డబ్బాల మీదే ఉంటుంది. ఆగమంటే బేరం పోతుందని భయం. తల కడిగేటప్పుడు మెడను వెనక్కి బాగా వంచడం వల్ల మెదడుకు రక్తం చేర్చే ధమని దెబ్బతిని పక్షవాతం రావచ్చునని అమెరికా నాడీవైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ 1993లోనే రాశాడు. 2022లో హైదరాబాదులో 50 ఏళ్ళ మహిళకు అదే జరిగిందని పత్రికలలో చదివాము. జుట్టు సాఫుచేసే పూతలోని గ్లయాక్సిలిక్ ఆమ్లం వల్ల ఒక యువతికి మూడుసార్లు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాన్ని ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రకటించారు.

1995లో, వి.పి. శాంతా కేసులో, రుసుము తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు మా వైద్యులం గగ్గోలు పెట్టాము. నేనూ కోపగించుకున్నవాణ్ణే. ఈనాడు ఆలోచిస్తే, సమ్మతిపత్రాలూ కేస్‌షీట్లూ మేము శ్రద్ధగా రాయడం ఆ భయం వల్లనే మొదలైంది. ఇప్పుడు అవే ఆమ్లాలు, అవే లేజర్లు, అవే సూదులు కొద్ది నెలల కోర్సు చదివినవారి చేతికి వచ్చాయి. భయం మాత్రం రాలేదు.

చట్టం లేక కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే ఇటువంటి సేవలకు వర్తిస్తుంది. తెలియజేయవలసిన విషయాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. పూతను గురించి తగిన హెచ్చరిక ఇవ్వకపోతే, 85వ సెక్షన్ ప్రకారం దానిని వాడిన పార్లర్ బాధ్యురాలవుతుంది. పూతలోనే దోషముంటే తయారుచేసిన కంపెనీ మీదికీ వెళ్ళవచ్చు. హాని జరిగిన రెండేళ్ళలోగా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. “జరిగే నష్టానికి మేము బాధ్యులము కాము” అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన అజాగ్రత్తకు మాఫీ దొరకదు.

మరి పరిహారం ఎందుకు అందదు? ఆధారాలు లేక. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించినందుకు జాతీయ కమిషన్ 2021లో 2 కోట్లు ఇమ్మన్నది. జుట్టుకు రెండు కోట్లా అని జనం నవ్వుకున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని కొట్టివేసి, అడిగినంత మాత్రాన ఇవ్వరాదు, నష్టానికి సాక్ష్యం కావాలి అని తిప్పి పంపింది. అయితే సేవలో లోపం జరిగిందన్న నిర్ణయాన్ని మాత్రం ముట్టుకోలేదు. నవ్వినవారు ఈ రెండో సంగతి గమనించలేదు.

కనుక, గాయమైననాడే ఫొటో తీసుకోండి. వాడిన డబ్బాను, దాని మీది బ్యాచ్ నంబరును కూడా తీయండి. బిల్లు ఇవ్వకపోయినా ఫోన్‌లో డబ్బు పంపిన ఆనవాలు ఉంటుంది. పార్లర్ వారు వాట్సాప్‌లో పంపిన క్షమాపణను చెరిపివేయకండి. ఆరోజే వైద్యుని వద్దకు వెళ్ళి, జరిగింది చెప్పి, చీటీలో రాయించుకోండి. సోదర వైద్యులారా, “ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా పూత తరువాత ఇలా జరిగిందని రోగి చెప్పారు” అన్న వాక్యం రాయడానికి అర నిమిషం చాలు. కోర్టు పిలుస్తుందని జంకి దానిని ఎగవేస్తున్నాము.

ఇంటి ముందుగదిలో పార్లర్ పెట్టుకుని పిల్లలను చదివిస్తున్న ఒంటరి తల్లులు నాకు తెలుసు. ఒక్క తీర్పుతో వారి బ్రతుకు కూలిపోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే బాధ్యత బీమా తప్పనిసరి చేయాలంటున్నాను. వాహనానికి థర్డ్ పార్టీ బీమా లేనిదే రోడ్డెక్కనివ్వని ప్రభుత్వం, మనిషి ముఖం మీద ఆమ్లం పూసేవారిని బీమా అడగకపోవడమేమిటి? ఇక మెరిసే అద్దాల వెనుక నడిచే పెద్ద పేర్ల శాఖల మీద నాకు ఆపాటి జాలి కూడా లేదు. గాయపడినవారు వెళితే “ఇది ఫ్రాంచైజీ, మాకు సంబంధం లేదు” అంటారు. కాస్త గట్టిగా అడిగితే ఉచితంగా ఫేషియల్ చేస్తామని, ఇకపై ఫిర్యాదు లేదన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆ సంతకం పెట్టకండి, ఆ ఫేషియల్‌కూ వెళ్ళకండి. ముందుగా 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు.